మొక్కజొన్న బెండు నుండి రసాయనం దాకా: మొక్కల వ్యర్థాలతో పారిశ్రామిక పదార్థాల తయారీ

గింజ ఒలిచేశాక మిగిలిన మొక్కజొన్న బెండును అడ్డంగా కోసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. నడుమ దూదిలాంటి మెత్తని భాగం, దాని చుట్టూ గట్టి చెక్కలాంటి వలయం, అంచున గింజలు కూర్చున్న పలుచని పొట్టు. పొయ్యిలో పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదనిపించే ఆ బెండులో, తేమ తీసేసిన బరువు లెక్కన చూస్తే, మూడోవంతుకు పైగా సెల్యులోజ్, ఇంచుమించు మూడోవంతు హెమిసెల్యులోజ్, ఆరోవంతు దాకా లిగ్నిన్ ఉంటాయి. మొదటిది గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు, రెండవది ప్రధానంగా జైలోజ్ అనే ఐదు కార్బన్ల చక్కెరతో అల్లిన కొమ్మల గొలుసు, మూడవది ఆ రెండిటినీ బిగించి పట్టుకునే జిగురువంటి ఆరోమాటిక్ (బెంజీన్ తరహా) వలయాల పాలిమర్. వరిగడ్డి, చెరకు పిప్పి, కలప పొట్టు, వేటిని తీసుకున్నా ఈ మూడే ఉంటాయి, పాళ్లు మాత్రం మారుతాయి.

ఈ మూడిటినీ విడదీసి, ఒక్కొక్కదాన్నీ పరిశ్రమకు పనికివచ్చే పదార్థంగా మార్చే మార్గాన్ని మొదటి నుండి చివరి దాకా ఇక్కడ వివరిస్తున్నాను. రసాయన శాస్త్రంలో ప్రాథమిక పరిచయం ఉండి, ప్రయోగశాలలోనో చిన్న పైలట్ ప్లాంటులోనో ఈ పని మొదలుపెట్టాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకున్నాను. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే: ఈ మూడిటిలో దేన్ని ముందు బయటికి తీస్తామన్నదే మిగిలిన రెండిటి గతిని నిర్ణయిస్తుంది. అది సరిగా జరిగిందో లేదో చెప్పేది కిలోల లెక్క మాత్రమే. అందువల్ల 1000 కిలోల పొడి మొక్కజొన్న బెండ్లను ఉదాహరణగా తీసుకుని, ప్రతి దశలోనూ ఆ బరువు ఎటు పోతున్నదో వెంబడిస్తూ వెళదాం.

మొదటి దశ: ముందు ఉత్పత్తిని నిర్ణయించుకోవడం

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు తరచుగా "నా దగ్గర ఇంత గడ్డి ఉంది, దీనితో ఏం చేయవచ్చు?" అనే ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు వందల జవాబులున్నాయి గనుక అది దారి చూపదు. దానికి బదులు, మొక్కల పదార్థంలో బరువు ప్రకారం 40 నుండి 45 శాతం ఆక్సిజన్ ఉంటుందన్న వాస్తవం దగ్గర మొదలుపెట్టడం మేలు. పెట్రోలియం నుండి వచ్చే నాఫ్తాలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. కాబట్టి పెట్రోలియం ఉత్పత్తులను అచ్చంగా అలాగే మొక్కల నుండి చేయాలనుకుంటే, మొక్క కష్టపడి పట్టుకున్న ఆక్సిజన్‌ను నీటిగానో కార్బన్ డయాక్సైడ్‌గానో వదిలించుకోవాలి. ఆ వదిలించుకోవడంలో బరువు పోతుంది.

ఒక పోలిక చూడండి. 100 కిలోల గ్లూకోజ్‌ను పులియబెట్టి ఇథనాల్ చేస్తే సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 51 కిలోలు వస్తుంది. దాని నుండి నీటిని తొలగించి పాలిథీన్‌కు ముడిసరుకైన ఇథిలీన్‌ను చేస్తే 31 కిలోలే మిగులుతుంది. అదే 100 కిలోల గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారిస్తే, ఒక గ్లూకోజ్ అణువు సరిగ్గా రెండు లాక్టిక్ ఆమ్ల అణువులుగా చీలుతుంది గనుక, సిద్ధాంతరీత్యా మొత్తం 100 కిలోలూ నిలుస్తాయి. దాన్ని పాలీలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్‌గా మార్చినా 80 కిలోలు దక్కుతాయి. ఆక్సిజన్‌ను తనలో నిలుపుకునే ఉత్పత్తిని ఎంచుకోవాలనే సూత్రం ఈ లెక్కలోంచే వచ్చింది. 2004లో అమెరికా ఇంధన శాఖ మొక్కల చక్కెరల నుండి చేయదగిన 12 మూల రసాయనాల జాబితాను ప్రకటించినప్పుడు, అందులో సక్సినిక్ ఆమ్లం, లెవులినిక్ ఆమ్లం, సార్బిటాల్, గ్లిసరాల్ వంటి ఆక్సిజన్ నిండిన అణువులే ఉండడం యాదృచ్ఛికం కాదు.

మన ఉదాహరణకు హెమిసెల్యులోజ్ నుండి, రెసిన్లకు ముడిసరుకైన ఫర్ఫ్యురాల్ అనే ద్రవాన్నీ, సెల్యులోజ్ నుండి లాక్టిక్ ఆమ్లాన్నీ, దాని ద్వారా పాలీలాక్టిక్ ఆమ్లాన్నీ ఎంచుకుందాం. లిగ్నిన్ సంగతి చివర్లో చూద్దాం.

రెండవ దశ: కూర్పును కొలవడం

పుస్తకాల్లో దొరికే కూర్పు పట్టికలను నమ్మి పని మొదలుపెట్టవద్దు. ఒకే పంట అయినా రకం, కోత సమయం, నిల్వ ఉన్న తీరు మారితే జైలాన్ (హెమిసెల్యులోజ్‌లోని జైలోజ్ గొలుసు) శాతం మారుతుంది, బూడిద మరీ ఎక్కువగా మారుతుంది. కుప్పలో పైన ఒకటి, లోపల ఒకటి, అడుగున ఒకటిగా పలుచోట్ల నుండి నమూనాలు తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను ఉంచుకుంటూ నమూనాను తగ్గించుకోవాలి. తేమను 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి లెక్కించవచ్చు గానీ, ఆ ఎండిన పదార్థాన్నే తరువాతి విశ్లేషణకు వాడకూడదు. విశ్లేషణ కోసం పక్కన పెట్టిన భాగాన్ని 45 డిగ్రీలు మించకుండా ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ దాటేలా మరపట్టాలి.

అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ప్రామాణికంగా నిలబెట్టిన పద్ధతినే ప్రపంచమంతటా వాడుతున్నారు. ముందుగా నీటితోనూ, ఆ తరువాత ఇథనాల్‌తోనూ కరిగే పదార్థాలను తీసివేయాలి. ఈ మెట్టును దాటవేస్తే మైనాలు, రంగులు, మాంసకృత్తులు లిగ్నిన్ ఖాతాలో చేరిపోయి లెక్క తప్పుతుంది. తరువాత 300 మిల్లీగ్రాముల నమూనాకు 72 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని 3 మిల్లీలీటర్లు కలిపి, 30 డిగ్రీల నీటి తొట్టిలో ఒక గంట ఉంచుతూ, ఐదు పది నిమిషాలకోసారి గాజుకడ్డీతో కలుపుతుండాలి. లేత గోధుమరంగు పొడి మొదట ముద్దవుతుంది, తరువాత నల్లని జిగురులా సాగుతుంది. గంట పూర్తయ్యాక 84 మిల్లీలీటర్ల నీరు కలిపితే ఆమ్లం 4 శాతానికి పలచబడుతుంది. దాన్ని మూత బిగించిన సీసాలో ఆటోక్లేవులో 121 డిగ్రీల వద్ద మరో గంట ఉంచాలి. చల్లారాక వడపోస్తే పైన మిగిలేది ఆమ్లానికి కరగని లిగ్నిన్, కిందికి దిగేది చక్కెరల ద్రావణం. ఆ చక్కెరలను ద్రవ క్రొమటోగ్రఫీతో వేరువేరుగా కొలవాలి. వడపోతలో మిగిలినదాన్ని 575 డిగ్రీల కొలిమిలో కాల్చి, వచ్చిన బూడిద బరువును లిగ్నిన్ నుండి తీసివేయడం మరవకూడదు. వరిగడ్డి విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దాని పొడి బరువులో 10 శాతం పైబడే బూడిద ఉంటుంది, అందులో అధిక భాగం సిలికా.

మన 1000 కిలోల బెండ్లలో సెల్యులోజ్ 380, జైలాన్ 300, లిగ్నిన్ 160, ఎసిటైల్ సమూహాలు 30, బూడిద 20, మిగతావి 110 కిలోలుగా తేలాయనుకుందాం. ఇక్కడే ఒక గుణకాన్ని గుర్తుంచుకోవాలి. గొలుసు తెగినప్పుడు ప్రతి లింకు దగ్గర ఒక నీటి అణువు చేరుతుంది గనుక, సెల్యులోజ్ బరువును 1.11తో గుణిస్తే గ్లూకోజ్, జైలాన్ బరువును 1.136తో గుణిస్తే జైలోజ్ వస్తాయి. అంటే 300 కిలోల జైలాన్ లోపల 341 కిలోల జైలోజ్ దాగి ఉంది.

మూడవ దశ: నిల్వ చేయడం, నలగగొట్టడం

ఇది చదవడానికి ఆసక్తికరంగా ఉండదు గానీ, పెద్ద ప్లాంట్లను ఎక్కువగా ఏడిపించినది ఇదే. తేమ 15 శాతానికి అటూ ఇటూ ఉంటేనే కుప్ప క్షేమంగా ఉంటుంది. అంతకు బాగా మించితే సూక్ష్మజీవులు చక్కెరలను తినడం మొదలుపెడతాయి, ఆ వేడికి కుప్ప తనంతట తానే రాజుకునే ప్రమాదం కూడా ఉంది. నలగగొట్టేటప్పుడు పొడి సన్నగా ఉంటే మంచిదనే భ్రమ పెట్టుకోవద్దు. మరీ సన్నని పొడికి విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది, అది నీటిలో ముద్దకట్టి వడపోతను మూసేస్తుంది, గాలిలో ఎగిరే ధూళి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. బెండ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుండి ఒక సెంటీమీటరు దాకా ఉన్న ముక్కలు సరిపోతాయి. మట్టి, ఇసుక కడిగివేయడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే అవి మర బ్లేడులనూ, పంపులనూ, కవాటాలనూ అరగదీస్తాయి.

నాలుగవ దశ: ప్రీట్రీట్‌మెంట్, అన్నిటికీ కీలకం

ముడి బెండు పొడి మీద నేరుగా ఎంజైములు పోస్తే, ఎన్ని రోజులు ఆగినా సెల్యులోజ్‌లో కొద్ది భాగమే గ్లూకోజ్‌గా మారుతుంది. లిగ్నిన్, హెమిసెల్యులోజ్ కలిసి కట్టిన గోడ దాటి ఎంజైము లోపలికి వెళ్లలేకపోవడమే కారణం. ఆ గోడను తెరిచే పనినే ప్రీట్రీట్‌మెంట్ అంటారు. ఏ పద్ధతిలో తెరుస్తామన్నదాన్ని బట్టి ఏది ముందు బయటికి వస్తుందో తేలుతుంది. విలీన ఆమ్లం (నీటితో బాగా పలచబరిచిన ఆమ్లం), లేదా ఆవిరి పేలుడు (అధిక పీడనపు ఆవిరిలో ఉంచి ఒక్కసారిగా పీడనం వదిలే పద్ధతి), హెమిసెల్యులోజ్‌ను కరిగించి, సెల్యులోజ్‌నూ లిగ్నిన్‌నూ ఘనంగా వదులుతాయి. కాస్టిక్ సోడా వంటి క్షారం ప్రధానంగా లిగ్నిన్‌ను కరిగించి, చాలావరకు జైలాన్‌ను గొలుసుగానే ఉంచుతుంది. ఇథనాల్, నీరు కలిపిన మిశ్రమాన్ని 180 నుండి 200 డిగ్రీలకు వేడిచేసే ఆర్గనోసాల్వ్ పద్ధతి గంధకం లేని శుభ్రమైన లిగ్నిన్‌ను ఇస్తుంది, అయితే ద్రావణిని తిరిగి రాబట్టే ఖర్చు దాని మెడకు గుదిబండ. మనకు ఫర్ఫ్యురాల్ కావాలి గనుక జైలోజ్‌ను ముందు తీయాలి. అందుకు విలీన ఆమ్లమే తగినది.

బెండు ముక్కలను 0.5 నుండి 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టి, 160 డిగ్రీల వద్ద 10 నుండి 20 నిమిషాలు ఉంచడం మంచి ఆరంభ స్థానం. ఆమ్లాన్ని పలచబరిచేటప్పుడు ఎప్పుడూ నీటిలోకే ఆమ్లాన్ని నెమ్మదిగా పోయాలి, ఆమ్లంలోకి నీటిని పోయకూడదు. 160 డిగ్రీల వద్ద ఆవిరి పీడనం 6 బార్లు దాటుతుంది, 200 డిగ్రీల వద్ద 15 బార్లు దాటుతుంది. కాబట్టి ధ్రువీకరించిన పీడన పాత్ర, రక్షక కవాటం లేకుండా ఈ పని తలపెట్టనే కూడదు. వేడి విలీన ఆమ్లాన్ని సాధారణ స్టెయిన్‌లెస్ స్టీల్ ఎక్కువ కాలం తట్టుకోలేదన్నది కూడా ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి.

ఉష్ణోగ్రత, సమయం అనే రెండిటినీ ఒకే అంకెలో చూపేందుకు 1987లో ఓవరెండ్, షోర్నే ప్రతిపాదించిన తీవ్రతా సూచిక ఎంతో ఉపయోగకరం. ఉష్ణోగ్రతలో నుండి 100 తీసివేసి, దాన్ని 14.75తో భాగించి, వచ్చిన సంఖ్యను సహజ ఘాతాంకంగా తీసుకుని, నిమిషాలతో గుణించి, చివరికి పదో ఆధారపు లాగరిథమ్ తీయాలి. 160 డిగ్రీల వద్ద 15 నిమిషాలకు ఇది 2.94 వస్తుంది, 180 డిగ్రీల వద్ద 10 నిమిషాలకు 3.36 వస్తుంది. ఆమ్లం వాడినప్పుడు ఇందులో నుండి ద్రావణం పీహెచ్‌ను తీసివేస్తారు. పీహెచ్ 1.3 ఉంటే మొదటి ఉదాహరణలో మిశ్రమ తీవ్రత 1.64 అవుతుంది. ఈ అంకె పెరుగుతున్నకొద్దీ జైలోజ్ దిగుబడి ఒక శిఖరం దాకా పెరిగి, అక్కడి నుండి పడిపోతుంది. పడిపోయిన జైలోజ్ అదుపు లేకుండా ఫర్ఫ్యురాల్‌గానూ, దాని నుండి నల్లని రెసిన్‌గానూ మారిపోతుంది. ఆ శిఖరాన్ని మీ పదార్థానికి మీరే కనుక్కోవాలి. మూడు ఉష్ణోగ్రతలు, మూడు సమయాలు తీసుకుని తొమ్మిది ప్రయోగాలు చేస్తే దాని ఆచూకీ తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక చిన్న సంగతి ఉంది. బూడిదలోని కాల్షియం, పొటాషియం లవణాలు ఆమ్లాన్ని తటస్థం చేస్తాయి. ఒకే మోతాదు ఆమ్లం వేసినా, సరిగా కడగని కుప్ప నుండి తీసిన పదార్థంలో పీహెచ్ 1.3 ఉండవలసింది 2 దగ్గర నిలిచిపోవచ్చు. అంటే తీవ్రత 0.7 పడిపోయినట్టే. నా తొలి ప్రయోగాల్లో రెండు వారాలు ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చినప్పుడు క్రొమటోగ్రఫీ యంత్రాన్ని తప్పుపట్టాను. అసలు దోషం ఒక బస్తాకు అంటుకుని వచ్చిన మట్టిలో ఉంది. అప్పటి నుండి ఆమ్లంలో నానబెట్టిన గంట తరువాత పీహెచ్ చూడనిదే పాత్ర మూత బిగించడం లేదు.

మన లెక్కలో ఈ దశ ముగిసేసరికి 341 కిలోలకు గాను 80 శాతం, అంటే 273 కిలోల జైలోజ్ ద్రవంలోకి వచ్చిందనుకుందాం. ఎసిటైల్ సమూహాలు విడిపోయి 40 కిలోలకు పైగా ఎసిటిక్ ఆమ్లం కూడా అదే ద్రవంలో చేరుతుంది. ఘనంలో సుమారు 550 కిలోలు మిగిలాయి, అందులో సెల్యులోజ్ 350 కిలోలు.

ఐదవ దశ: జైలోజ్ నుండి ఫర్ఫ్యురాల్

లాటిన్‌లో ఫర్ఫర్ అంటే తవుడు. ఆ పేరు పెట్టుకున్న ఈ రసాయనాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చింది ఒక ధాన్యపు కంపెనీ. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్వేకర్ ఓట్స్ సంస్థ 1920ల ఆరంభంలో, ఓట్ల పొట్టును సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తడిపి, ఖాళీగా ఉన్న తన పాత్రల్లోనే 153 డిగ్రీల వద్ద సుమారు ఐదు గంటలు ఉడికించి, ఆవిరితో పాటు ఫర్ఫ్యురాల్‌ను బయటికి లాగింది. దిగుబడి సిద్ధాంతపరమైన గరిష్ఠంలో సగం చుట్టుపక్కల ఉండేది. అయితే అన్ని గంటల పాటు ఆమ్లంలో ఉడికిన సెల్యులోజ్ చాలావరకు దెబ్బతింటుంది, మిగిలిన నల్లని గుజ్జు బాయిలరుకే పనికివస్తుంది. సెల్యులోజ్ కూడా కావాలనుకునే మనం అందుకే జైలోజ్‌ను తేలికపాటి తీవ్రతతో ముందు వేరుచేసి, ఆ ద్రవాన్ని మాత్రమే ఫర్ఫ్యురాల్ చేసే పాత్రలోకి పంపుతున్నాం. ఈ ఒక్క నిర్ణయంతోనే సెల్యులోజ్ దక్కుతుంది.

జైలోజ్ అణువు మూడు నీటి అణువులను వదులుకుంటే ఫర్ఫ్యురాల్ అవుతుంది. కాబట్టి 100 కిలోల జైలోజ్‌కు గరిష్ఠ దిగుబడి 64 కిలోలు. ఆమ్ల ద్రవాన్ని 180 నుండి 200 డిగ్రీలకు తీసుకువెళితే చర్య నిమిషాల్లో జరిగిపోతుంది. చిక్కల్లా తయారైన ఫర్ఫ్యురాల్‌ను ఆ వేడి ఆమ్లంలో ఉండనివ్వకపోవడంలోనే ఉంది. అది తనతో తానూ, ఇంకా మారని జైలోజ్‌తోనూ కలిసిపోయి హ్యుమిన్లు అనే కరగని నల్ల మడ్డిగా తయారవుతుంది. అందుకని పాత్ర అడుగు నుండి నిరంతరాయంగా ఆవిరిని పంపుతూ, పుట్టిన ఫర్ఫ్యురాల్‌ను పుట్టినట్టే పైకి తోలుకుపోవాలి. నీటిలో కలవని ద్రావణిని పైన పొరగా ఉంచి ఫర్ఫ్యురాల్‌ను అందులోకి లాగే రెండు పొరల పద్ధతి కూడా ఉంది, దానితో దిగుబడి పెరుగుతుంది గానీ ద్రావణి నష్టాన్ని కాచుకోవాలి.

పైకి వచ్చే ఆవిరిలో ఫర్ఫ్యురాల్ 3 నుండి 6 శాతం మాత్రమే ఉంటుంది. దాన్ని స్వేదన స్తంభంలోకి పంపితే, ఇక్కడ ప్రకృతి మనకు ఒక గొప్ప సాయం చేస్తుంది. ఫర్ఫ్యురాల్ ఒంటరిగా 162 డిగ్రీల వద్ద మరుగుతుంది, కానీ నీటితో కలిసి 35 శాతం ఫర్ఫ్యురాల్ ఉన్న స్థిర మిశ్రమంగా 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ ఆవిరి చల్లబడగానే, నీటిలో ఫర్ఫ్యురాల్ సుమారు 8 శాతానికి మించి కరగదు గనుక, రెండు పొరలుగా విడిపోతుంది. వేర్పాటు గరాటులో ఈ దృశ్యాన్ని మొదటిసారి చూసినవారెవరూ మరచిపోరు. మసకబారిన ద్రవంలో నుండి తేనెరంగు చుక్కలు ఒక్కొక్కటిగా అడుగుకు జారి, కలిసిపోయి, నీటి కింద బరువైన పొరగా నిలుస్తాయి, బాదం పప్పును పోలిన వాసన వస్తుంది. ఆ వాసన బాగుందని దగ్గరగా పీల్చకూడదు. ఫర్ఫ్యురాల్ విషపూరితం, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. చేతి తొడుగులు, గాలిని బయటికి లాగే గూడు తప్పనిసరి. కింది పొరను తీసి, శూన్యంలో మరోసారి స్వేదనం చేసి, గాలి తగలకుండా చీకట్లో నిల్వ చేయాలి, లేకుంటే కొద్ది రోజుల్లోనే పసుపు నుండి గోధుమకు, గోధుమ నుండి నలుపుకు తిరుగుతుంది. పై పొర నీటిని పారబోయకుండా స్తంభానికే తిప్పి పంపాలి.

300 కిలోల జైలాన్‌కు గరిష్ఠంగా 218 కిలోల ఫర్ఫ్యురాల్ రావాలి. రెండు దశల నష్టాలూ కలుపుకుని సగం దక్కిందనుకుంటే 109 కిలోలు. దాన్ని రాగి ఉత్ప్రేరకంపై హైడ్రోజన్‌తో చర్యకు గురిచేస్తే ఫర్ఫ్యురిల్ ఆల్కహాల్ వస్తుంది. లోహపు పోత పనుల్లో ఇసుక అచ్చులను గట్టిపరిచే రెసిన్లకు అదే ఆధారం, ప్రపంచంలో తయారయ్యే ఫర్ఫ్యురాల్‌లో అధిక భాగం వెళ్లేదీ అటే.

ఆరవ దశ: సెల్యులోజ్ నుండి గ్లూకోజ్

వడపోతలో మిగిలిన 550 కిలోల ఘనాన్ని బాగా కడగాలి, ఎందుకంటే అందులో చిక్కుకున్న ఎసిటిక్ ఆమ్లం, ఫర్ఫ్యురాల్, ఫినాలిక్ పదార్థాలు తరువాత సూక్ష్మజీవులను అణచివేస్తాయి. అలాగని నీళ్లు ధారాళంగా వాడితే ఆ నీటినంతా తరువాత శుద్ధి చేయవలసి వస్తుంది, కాబట్టి చివరి కడుగు నీటిని ముందటి కడుగుకు వాడే ఎదురు ప్రవాహ పద్ధతిని పాటించాలి.

ఈ పనికి వాడే ఎంజైములు ఎక్కువగా ట్రైకోడెర్మా రీసై అనే బూజు నుండి వస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సోలమన్ దీవుల్లో సైనికుల నూలు గుడారాలను తినేసిన బూజు సంతతే ఇది. గుడారాలను కాపాడుకోవడానికి మొదలైన అధ్యయనం చివరికి సెల్యులోజ్‌ను కరిగించే విద్యను నేర్పింది. ఘనాన్ని నీటితో కలిపి 20 శాతం గాఢతకు తెచ్చి, పీహెచ్‌ను 4.8 నుండి 5 మధ్య, ఉష్ణోగ్రతను 50 డిగ్రీల వద్ద ఉంచి, సెల్యులోజ్ గ్రాముకు 20 మిల్లీగ్రాముల ఎంజైము ప్రొటీన్ చొప్పున వేస్తే, మన 350 కిలోలకు 7 కిలోల ప్రొటీన్ పడుతుంది. మొదటి కొన్ని గంటలు అది గరిటె తిరగని ముద్ద. సాధారణ కలుపుడు రెక్కలు దాన్ని తిప్పలేవు, అడ్డంగా తిరిగే పీపాలాంటి పాత్ర కావాలి. తెల్లవారేసరికి జావలా పలచబడుతుంది. 48 నుండి 72 గంటల్లో 80 శాతం మారిందనుకుంటే 311 కిలోల గ్లూకోజ్, సుమారు 11 శాతం ద్రావణంగా చేతికొస్తుంది. సెల్లోబయోజ్ (రెండు గ్లూకోజ్‌ల జంట) పేరుకుపోతే ఎంజైములు మందగిస్తాయి గనుక, మిశ్రమంలో దాన్ని తెంచే బీటా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము తగినంత ఉందో లేదో చూసుకోవాలి.

ఏడవ దశ: లాక్టిక్ ఆమ్లం, దాని నుండి ప్లాస్టిక్

లాక్టిక్ ఆమ్లాన్ని చేసే బాక్టీరియాల్లో బాసిలస్ కోయాగ్యులన్స్‌కు నేను ఓటేస్తాను. అది 50 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. అంటే ఎంజైములు పనిచేసే వేడిలోనే పనిచేస్తుంది, పైగా ఆ వేడికి అనేక ఇతర సూక్ష్మజీవులు చొరబడలేవు. ఆమ్లం పుడుతున్నకొద్దీ పీహెచ్ పడిపోయి బాక్టీరియా ఆగిపోతుంది గనుక, సున్నంతో తటస్థం చేస్తూ ఉండాలి. దీనివల్ల తయారయ్యేది కాల్షియం లాక్టేట్. దాని నుండి ఆమ్లాన్ని విడిపించడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే, ఆమ్లంతో దాదాపు సమానమైన బరువులో జిప్సం పడుతుంది. 311 కిలోల గ్లూకోజ్ నుండి 90 శాతం దిగుబడితో 280 కిలోల లాక్టిక్ ఆమ్లం వస్తే, దానితో పాటు 267 కిలోల జిప్సం కూడా మీ వాకిట్లో ఉంటుంది. దాన్ని ఎక్కడికి పంపాలో నిర్ణయించుకోకుండా ఈ దశలోకి అడుగుపెట్టవద్దు. తక్కువ పీహెచ్‌ను తట్టుకునే ఈస్టులను రూపొందించడం వెనుక ఉన్న ప్రధాన కారణం ఈ జిప్సమే.

శుద్ధిలో 15 శాతం పోయి 238 కిలోలు మిగిలిందనుకుందాం. లాక్టిక్ ఆమ్లాన్ని నేరుగా వేడిచేసి గొలుసు కట్టాలని చూస్తే, విడుదలయ్యే నీరు ఆ గొలుసును మళ్లీ తెంచుతూ ఉంటుంది, పొట్టి గొలుసులే వస్తాయి. అందుకని ముందుగా పొట్టి గొలుసు కట్టి, తగరపు ఉత్ప్రేరకంతో శూన్యంలో వేడిచేసి, రెండు అణువుల వలయమైన లాక్టైడ్‌గా విడగొట్టి, స్వేదనంతో శుద్ధిచేసి, ఆ వలయాన్ని తెరుస్తూ పొడవాటి గొలుసుగా మారుస్తారు. చక్కెరల శుద్ధి, లాక్టైడ్ శుద్ధి రెండూ బాగుంటే ఈ దశలన్నీ దాటాక 170 కిలోల పాలీలాక్టిక్ ఆమ్లం చేతికొస్తుంది. లాక్టిక్ ఆమ్ల అణువుకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఎడమ, కుడి రూపాలు రెండున్నాయి, వాటిలో ఒకటే ప్రధానంగా ఉండేలా చూడాలి, రెండూ కలిస్తే స్ఫటికాలు కట్టక ప్లాస్టిక్ వేడికి మెత్తబడిపోతుంది.

ఎనిమిదవ దశ: లిగ్నిన్, ఆవిరి లెక్క

ఎంజైముల పాత్రలో అడుగున మిగిలే గోధుమరంగు గుజ్జులో లిగ్నిన్ 150 కిలోల దాకా, మారని సెల్యులోజ్ 70 కిలోల దాకా ఉంటాయి. లిగ్నిన్‌ను కాల్చడమే తేలిక, చాలా పరిశ్రమలు అదే చేస్తాయి. కానీ నార్వేలో కలప గుజ్జు పరిశ్రమ లిగ్నిన్ నుండి వెనిల్లా సువాసన పదార్థమైన వెనిలిన్‌ను దశాబ్దాలుగా తయారుచేస్తున్నది. కలప గుజ్జు తయారీలో వచ్చే, నీటిలో కరిగే లిగ్నిన్ రూపాలైన లిగ్నోసల్ఫోనేట్లు కాంక్రీటును తక్కువ నీటితో పలచగా ఉంచే కలుపుడు పదార్థంగా విరివిగా వాడుకలో ఉన్నాయి. ప్లైవుడ్ జిగురులో ఫినాల్‌కు బదులుగా కొంత లిగ్నిన్ వాడవచ్చు. అమ్మాలా, కాల్చాలా అన్నది అభిరుచిని బట్టి తేల్చే విషయం కాదు, ఆవిరి లెక్కను బట్టి తేల్చాలి.

ఆ లెక్క ఇలా చేయండి. లిగ్నిన్ కిలోకు సుమారు 25 మెగాజౌళ్లు, సెల్యులోజ్‌కు సుమారు 17 మెగాజౌళ్లు. రెండూ కలిపి దాదాపు 4,900 మెగాజౌళ్లు. బాయిలరు 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, కిలో ఆవిరికి 2.7 మెగాజౌళ్ల చొప్పున, సుమారు 1,450 కిలోల ఆవిరి వస్తుంది. గుజ్జులోని తేమ వల్ల నిజానికి ఇంకా తక్కువే వస్తుంది. ఇక 109 కిలోల ఫర్ఫ్యురాల్‌ను, 5 శాతం గాఢత గల ఆవిరిగా బయటికి తోలడానికి ఒక్క ఆ దశకే సుమారు 2,070 కిలోల ఆవిరి కావాలి. ప్రీట్రీట్‌మెంట్‌కూ, లాక్టిక్ ఆమ్లం శుద్ధికీ కావలసినది వేరు. అంటే మిగిలినదంతా కాల్చినా ఫర్ఫ్యురాల్ దశ అవసరమే పూర్తిగా తీరదు. కాబట్టి ఫర్ఫ్యురాల్ ఆవిరి చల్లబడేటప్పుడు వదిలే వేడిని వృథా చేయకుండా అంతకంటే తక్కువ పీడనంలో నడిచే తరువాతి స్తంభాన్ని మరిగించడానికి వాడాలి. ఆ ఏర్పాటు లేకుండా లిగ్నిన్‌ను వెనిలిన్‌కో జిగురుకో మళ్లిస్తే, బయటి ఇంధనం కొనవలసిందే.

బాయిలరు పరిమాణాన్ని నిర్ణయించే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ప్రతి దశలోకి వెళ్లిన కార్బన్ ఎంత, బయటికి వచ్చినది ఎంత అని ప్రయోగశాలలోనే కనీసం మూడుసార్లు కొలిచి చూడాలి. మొత్తం 95 నుండి 105 శాతం మధ్య కలిస్తేనే పైలట్ ప్లాంటు గీతలు గీయడం మొదలుపెట్టాలి. కలవకపోతే, పోయిన కార్బన్ సాధారణంగా మూడు చోట్ల దొరుకుతుంది: ఫర్ఫ్యురాల్ పాత్ర గోడలకు అంటుకున్న నల్ల మడ్డిలో, కొలవకుండా వదిలేసిన కడుగు నీటిలో, మూత తెరిచినప్పుడు ఆవిరితో పాటు ఎగిరిపోయిన ఎసిటిక్ ఆమ్లంలో.